తట్టు చిన్న రోగమా?

తట్టు బిడ్డలకు సహజమనియు, వేపమండలు కట్టి కొన్నినాళ్లు ఓర్చినచో అమ్మవారు తానే దిగిపోవుననియు పలుకువారు నేటికిని పల్లెలలోనే గాక పట్టణములందలి విద్యావంతుల యిండ్లలోను గలరు. పెద్దల నమ్మకమును హేళన చేయుట మా యుద్దేశము గాదు. కాని యీ వాదమునకు సాక్ష్యమెక్కడ?

సాక్ష్యమంతయు ప్రతికూలముగా నున్నది. తట్టు సోకిన వేయిమంది బిడ్డలలో సుమారొకరికి మెదడు వాచును. కొందరు మరణింతురు, బ్రదికినవారిలో కొందరికి చెవుడో, బుద్ధిమాంద్యమో శాశ్వతముగా నిలిచిపోవును. ఇంతకంటె క్రూరమైనది వేఱొకటి గలదు. దద్దు మాని, తల్లి మఱచిపోయిన పిదప, ఆ వైరసు మెదడులో దాగియుండి, సాధారణముగా 6 మొదలు 10 సంవత్సరములకు మరల తలయెత్తును. చుఱుకైన బాలుడు పాఠములు మఱచును; కాలుసేతులు ఉలికిపడినట్లు అదరును; మూర్ఛలు వచ్చును; తుదకు స్పృహ తప్పును. పెక్కుమంది మూడేండ్లలోపల మరణింతురు. వైద్యులు దీనిని ఎస్.ఎస్.పి.ఇ. యందురు. దీనిని మాన్పు మందు నేటివఱకు లేదు. ఏడాది నిండకమున్ను తట్టు సోకిన శిశువులలో 609 మందికొకరు దీని పాలైరని 2017లో ప్రకటితమైన కాలిఫోర్నియా పరిశోధన తేల్చినది.

మన దేశమున మొదటి టీకా 9 నెలలు నిండినగాని వేయరు. అంతవఱకు పసికందునకు కవచము పొరుగు బిడ్డల టీకాయే. నూటికి 95 మందికి రెండు మోతాదులు పడినగాని యా కవచము నిలువదు. "నా బిడ్డ, నా యిష్టము" అనువారికి పొరుగింటి యుయ్యాలలోని ప్రాణముపై నే హక్కు గలదో వారే చెప్పవలెను.

2017లో తమిళనాట, కర్ణాటకమున టీకా ప్రచారము నడచినపుడు చేతిఫోనులలో వదంతులు పాఱినవి. కరోనా నాళ్లలో టీకాలు వెనుకబడినవి. 2022 చివర ముంబయిలో తట్టు చెలరేగి పసిబిడ్డలను పొట్టనబెట్టుకొన్నది. ఇంతకంటె హెచ్చరిక యేమి కావలెను?

దోషమంతయు తల్లులదే యనుట అన్యాయము. ఇటుకబట్టీలకు, మిరపకోతలకు వలసపోవు కూలితల్లికి 16 నెలలు దాటిన బిడ్డకు రెండవ మోతాదు వేయింపుమని గుర్తుచేయువారెవరు? ఆమె ఆసుపత్రికి రాలేదని పద్దు వ్రాసికొనుటతో ప్రభుత్వము బాధ్యత తీఱదు. టీకాయే బట్టీకడకు, చేనిగట్టునకు పోవలెను. ప్రతి పంచాయతీలోను టీకా పద్దును సభయందు బహిరంగముగా చదివింపవలెను.

పాఠకులారా! మీ యింటి టీకా కార్డును నేడే తీసి చూడుడు. రెండవ గడి ఖాళీగా నున్నచో వెంటనే బిడ్డను టీకాకు కొనిపొండు. వచ్చినపిదప మందులేని రోగమునకు రాకుండ జేయు మందు ఉచితముగా లభించుచుండ, దానిని కాదనుట బిడ్డకు చేయు ద్రోహమే.