సరుకు కనపడని కాపలా

యుద్ధానికి పనికొచ్చే చిప్పులు, యంత్రభాగాలు రష్యాకు చేరకుండా ఆపాలంటే బ్యాంకులనే కాపలా పెట్టాలన్న వాదన 2022 నుంచి బలపడుతోంది. సరుకు ఏ దారిన పోయినా దాని డబ్బు బ్యాంకు గుండానే పోవాలి గనక అక్కడ కట్టడి చేస్తే చాలునంటారు. 2023 డిసెంబరులో అమెరికా జారీచేసిన 14114వ కార్యనిర్వాహక ఉత్తర్వు ఈ వాదనకు కోరలు తొడిగింది. రష్యా ఆయుధ పరిశ్రమకు తోడ్పడే పెద్ద లావాదేవీలు నడిపిన విదేశీ బ్యాంకులు అమెరికాలో డాలర్ చెల్లింపులు జరుపుకునే కరస్పాండెంట్ ఖాతాలు పోగొట్టుకోవలసి వస్తుందని హెచ్చరించింది. చిక్కల్లా, ఈ వాదన బ్యాంకుకు లేని చూపును ఉన్నట్టు భావించడమే.

బ్యాంకు ముందుకు వచ్చేది కాగితం. దిగుమతిదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీలకు, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్‌లకు, ప్రపంచమంతా పాటించే యూసీపీ 600 నియమావళిలోని 5వ నిబంధన ఈ సంగతే చెబుతుంది: బ్యాంకులకు పత్రాలతోనే పని, సరుకుతో కాదు. సరుకు పంపాక కొనుగోలుదారు నేరుగా డబ్బు చెల్లించే ఓపెన్ అకౌంట్ వ్యాపారంలో ఇన్‌వాయిస్ కూడా చాలాసార్లు బ్యాంకు కంటపడదు. పడినా, వాషింగ్ మెషీన్ చిప్పూ క్షిపణి చిప్పూ ఒకే కస్టమ్స్ కోడ్ కిందికి రావచ్చు. నిషేధం దేనికి వర్తిస్తుందో తేల్చడం ఎంత కష్టమో హార్డ్‌డిస్కుల తయారీ కంపెనీ సీగేట్ ఉదంతం చూపింది. అమెరికా ఎగుమతి ఆంక్షలున్న చైనా కంపెనీ హువావేకు 74 లక్షలకు పైగా హార్డ్‌డిస్కులు అమ్మినందుకు ఆ కంపెనీ 2023 ఏప్రిల్‌లో 30 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. వాటి తయారీలో వాడిన పరికరాలు అమెరికా నియంత్రణల కిందికి వస్తాయా అన్నదే అక్కడి చిక్కుముడి. సొంత కర్మాగారం సంగతిలో తయారీదారు అంచనాయే తప్పినప్పుడు, డబ్బు బదిలీ చేసే ఉద్యోగి దాన్ని సరిగ్గా తేలుస్తాడని ఎలా నమ్మాలి?

2023 నాటి ఆ అమెరికా ఉత్తర్వు తర్వాత టర్కీ, చైనా, యూఏఈలలో చాలా బ్యాంకులు రష్యా చెల్లింపులను ఆపలేదా అని అడుగుతారు. ఆపాయి, కానీ భయంతో, పరిశీలించి కాదు. అమెరికా ఆంక్షలను ఉల్లంఘించిన ఫ్రెంచి బ్యాంకు బీఎన్‌పీ పారిబా 2014లో 897 కోట్ల డాలర్లు చెల్లించుకున్న సంగతి ఏ బ్యాంకరూ మరిచిపోడు. కొద్దిపాటి కమిషన్ కోసం అంత ముప్పు నెత్తికెత్తుకునే బదులు, చిప్పో చొక్కానో చూడకుండా తలుపు మూసెయ్యడమే అతనికి తేలిక. మందులకు ఆంక్షల నుంచి మినహాయింపు ఉన్నా, ఇరాన్ దిగుమతిదారులకు వాటి డబ్బు పంపే బ్యాంకులు దొరకడం గగనమైంది ఇందువల్లే. దొంగ వ్యాపారి మాత్రం చిన్న బ్యాంకునో, మధ్యవర్తినో వెతుక్కుంటాడు.

అయితే బ్యాంకులకు బాధ్యతే లేదా? ఉంది. తెలిసి అక్రమ ఎగుమతికి డబ్బు సమకూర్చితే శిక్షించాల్సిందే; మన దేశం కూడా సామూహిక విధ్వంస ఆయుధాలపై చేసిన 2005 నాటి చట్టాన్ని 2022లో సవరించి అలాంటి ఆర్థిక సాయాన్ని నిషేధించింది. ఆంక్షల జాబితాలోని పేర్లను పట్టుకోవడం, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పుట్టి ఉన్నట్టుండి చిప్పుల వ్యాపారంలోకి దిగిన కంపెనీల గురించి ప్రభుత్వానికి తెలపడం బ్యాంకు చేయగల పనులు. 2024 అక్టోబరులో అమెరికా వాణిజ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు సైతం, కొన్ని జాబితాల్లోని పేర్ల విషయంలో తప్ప, లావాదేవీలను అప్పటికప్పుడు జల్లెడ పట్టమని కోరలేదు. సరుకు గుణం తయారీదారుకు తెలుసు. దాన్ని తెరిచి చూసే అధికారం కస్టమ్స్‌కు ఉంది. లైసెన్సు ప్రభుత్వం చేతిలో ఉంది. ఈ ముగ్గురి పనినీ బ్యాంకు నెత్తిన రుద్దితే ఆగేది సక్రమ వ్యాపారమే.