అద్దంలో గడ్డం

పూర్వం మన ఇళ్లల్లో భోషాణం ఉండేది. వెండి సామాను, పట్టుచీరలు, పొలం దస్తావేజులు, పిల్లల జాతకాలు - పోగూడనివన్నీ అందులోనే. తాళంచెవి మామ్మగారి బొడ్లో. ఇప్పుడు భోషాణాలు పోయాయి గాని పోగూడనివి మాత్రం ఉండనే ఉన్నాయి. అవి ఫొటోలుగా, పాటలుగా మారి కంప్యూటర్లలో కూర్చున్నాయి.

మా ఇంట్లో అలాంటి భోషాణం ఒకటుంది. మెట్ల కింద మూల, రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే పాత కంప్యూటరు. హోమ్ సర్వరు అంటారు దాన్ని. ఏ గదిలో కూర్చున్నా, ఫోనులో గాని టీవీలో గాని, అందులో దాచినవి తీసి చూసుకోవచ్చు. మా ఆవిడ మేనల్లుడు, ఇంజనీరింగు చదివే కుర్రాడు, దాన్ని అమర్చిపెట్టాడు. లోపల నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అప్పుడే అదే పడుతుంది. దాన్ని మిర్రరు అంటారట. మన మాటలో అద్దం. "ఒకటి పోయినా రెండోది ఉంటుంది మామయ్యా" అన్నాడు. నేను గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోయాను.

మొన్న వేసవిలో ఒకనాడు పొద్దున్నే, రెండు డిస్కుల్లో ఒకటి కనబడటం లేదని సర్వరు నా ఫోనుకు కబురు పెట్టింది. నాకు తెలిసిన వైద్యం ఒకటే - ఆపి మళ్లీ వెయ్యడం. వేశాను. డిస్కు కనబడింది. సాయంత్రానికి మళ్లీ మాయం! కొత్తది కొనుక్కొద్దామని చెప్పులు వేసుకుంటూండగా కుర్రాడు గుమ్మంలోకి వచ్చాడు.

"ఆగండి మామయ్యా! ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?" అన్నాడు.

వాడు చేసిన పని వరసగా చెబుతాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే పనికొస్తుంది.

ముందుగా, బతికి ఉన్న డిస్కులోవన్నీ బయట డిస్కు ఒకదానిలోకి నకలు తీశాడు. రోగమేమిటో తేలకముందే యిదేమిట్రా అంటే, "రేపు అద్దం మళ్లీ కుదర్చాలంటే ఈ డిస్కును మొదట్నుంచి చివరిదాకా చదవాలి. ఆ శ్రమలో ఇదీ చతికిలబడితే?" అన్నాడు.

తరవాత లెక్కలు చూశాడు. డిస్కు తన ఒంటి సంగతి తానే రాసుకుంటుందట. ఆ పట్టీ పేరు స్మార్ట్. అందులో 5వ పద్దు, చెడిపోయిన చోట్లకు బదులుగా వాడుకున్న చోట్లు ఎన్నో చెబుతుంది. 197 అనుమానంలో ఉన్న చోట్లు. 198 చదవడానికి వీలులేని చోట్లు. 199 మాత్రం డిస్కు గొడవ కాదు - డిస్కుకూ కంప్యూటరుకూ మధ్య ఉన్న తీగలో సమాచారం ఎన్నిసార్లు చెదిరిందో ఆ లెక్క. మా డిస్కుకు మొదటి మూడూ సున్నాలు. 199 వందల్లో ఉంది.

"చూశారా, ఊరు బాగానే ఉంది, దారే బాగాలేదు" అన్నాడు.

పెట్టె విప్పేముందు రెండు డిస్కుల నంబర్లూ కాగితం మీద రాసుకున్నాడు. పోయినదనుకుని బతికినదాన్ని పీకేవాళ్లు బోలెడుమంది ఉన్నారట! ఫ్యాను రెక్కల దుమ్ము దులిపాడు. కరెంటు తీగ ఊడదీసి గట్టిగా బిగించాడు. డేటా తీగ మార్చాడు. కొత్త తీగ ఖరీదు రెండువందలు కూడా కాలేదు. నేను పోయబోయినవి వేలు! "ముందు చవకైన వాటిని అనుమానించాలి మామయ్యా. తీగ, దుమ్ము, వేడి, కరెంటు - ఆ తరవాతే డిస్కు." తీగ మార్చినా పాత లెక్క చెరిగిపోదు. ఇకమీద పెరుగుతోందా, ఆగిందా అన్నదే చూసుకోవాలి.

"అంకెలు బాగున్నాయి గనక డిస్కు చిరంజీవి అన్నమాట" అన్నాను సంతోషంగా.

వాడు తల అడ్డంగా ఊపాడు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక వ్యాసం ప్రకటించారట. పాడైపోయిన డిస్కుల్లో సగానికి పైగా ఈ ముఖ్యమైన పద్దుల్లో ఏ సూచనా ఇవ్వకుండానే పోయాయి. డిస్కు టకటకమని కొట్టుకుంటే మాత్రం వెంటనే ఆపాలి. ఫ్రీజరులో పెట్టి చూడమనే పెద్దమనుషుల మాట వినకూడదు. తేమ చేరి ఉన్నదీ పోతుంది.

రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి అద్దం కుదిరింది. కాఫీ ఇస్తూ మా ఆవిడ, "ఏమండీ, అత్తయ్యగారి పాట ఒకటి పెట్టండి, శుభమా అని" అంది.

1994లో మా అక్కయ్య పెళ్లిలో అమ్మ పాడిన పాటలవి. అమ్మ ఇప్పుడు లేదు. కంప్యూటరులోకి ఎక్కించామన్న ధీమాతో, ఇల్లు మారినప్పుడు ఆ క్యాసెట్లు నేనే పారేశాను.

వెతికాను. పాటలు లేవు. రెండో డిస్కులో లేవు. నిన్న తీసిన నకలులోనూ లేవు.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో సర్వరు శుభ్రం చేద్దామని కూర్చుని, 'అమ్మ', 'అమ్మ 2' అని రెండు ఫోల్డర్లు కనబడితే, రెండోది నకలే కాబోలనుకుని తీసేశాను.

"అద్దం ఉంది గదరా!" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"మామయ్యా, మీరు గడ్డం గీసుకుంటే అద్దంలో ఆయనకు మాత్రం గడ్డం మిగులుతుందా?" అన్నాడు వాడు మెల్లిగా.

1988లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో పాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఈ పద్ధతుల మీద వ్యాసం రాసి, 'రెయిడ్' అని పేరు పెట్టారట. అద్దం అందులో మొదటి మెట్టు. డిస్కు చస్తే పని ఆగకుండా చూడటం దాని ధర్మం. యజమాని తెలివితక్కువతనానికి అది పూచీ పడదు. దానికి నకళ్లే కావాలి: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి మాత్రం వేరే ఊళ్లో. అప్పుడప్పుడూ వాటిని తెరిచి చూసుకోవాలి కూడా. చూడని నకలు ఉన్నా లేనట్టే.

వేరే ఊరు అనగానే మా ఆవిడకు హైదరాబాదులో అక్కయ్య తట్టింది. 2019లో తన కూతురి పెళ్లికి ఆ పాటలు పెన్‌డ్రైవులో అడిగి పట్టుకెళ్లింది. ఫోను చేశాను. అరగంటలో పాటలు వచ్చాయి. పన్నెండింటికి పదకొండు.

"అక్కయ్యా, అప్పగింతల పాట ఏదీ?"

అవతల కాసేపు మాట లేదు. "అదొక్కటీ నేనే వద్దన్నాను గదరా. నన్ను పంపిస్తూ అమ్మ పాడింది. పిల్ల పెళ్లిలో అది వింటే తట్టుకోలేననుకున్నాను."

ఆ పాట మరెక్కడా లేదు. కాని అక్కయ్యకు వచ్చు. వచ్చే సెలవుల్లో వెళ్లి పాడించుకుని రావాలి. గొంతు అమ్మది కాదు. పాట మాత్రం అదే. ఈసారి మూడుచోట్ల దాస్తాను.