డిజిటల్ రేడియో ఉంది, వినడానికి సెట్టే లేదు

షార్ట్‌వేవ్ అనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి రేడియో సిలోన్ గుర్తొస్తుంది. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు, సినిమా పాటలు, మధ్యలో గుర్రుమనే చప్పుడు, అలలా దగ్గరికొచ్చి మళ్ళీ దూరంగా వెళ్ళిపోయే పాట. నా వయసు వాళ్ళకి అదీ తెలీదు. రేడియో అంటే కార్లో ఎఫ్ఎం, అంతే. అలాంటిది అదే షార్ట్‌వేవ్ మీద గుర్రు లేకుండా, దాదాపు ఎఫ్ఎం అంత శుభ్రంగా వినిపిస్తుందంటే ఓ పట్టాన ఎవరూ నమ్మరు. వినిపిస్తుందండీ. పెద్దాపురంలో మా డాబా మీంచి నేను వింటున్నాను.

దీని పేరు డీఆర్ఎం, అంటే డిజిటల్ రేడియో మోండియాల్. మన సాఫ్టువేరు వాళ్ళకి డీఆర్ఎం అనగానే పాటలకీ సినిమాలకీ వేసే తాళం గుర్తొస్తుంది. ఇది అది కాదు. అది వినొద్దనే డీఆర్ఎం, ఇది వినమనే డీఆర్ఎం :)

ఇదెంత మంచి సరదానో చెప్పాలనుంది. అంతకంటే ముఖ్యంగా, ఈ సరదా చూసి "ఆహా, డిజిటల్ రేడియో వచ్చేసింది, ఇక పాతది ఆపేయొచ్చు" అనుకునేవాళ్ళతో నాకో పేచీ ఉంది. అదీ చెప్పాలి. ముందు సరదా సంగతి కానిద్దాం.

1998లో చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని దేశాల ప్రసార సంస్థలు, తయారీదారులు కలిసి డీఆర్ఎం సంఘం పెట్టుకున్నారు. 2003 జూన్‌లో జెనీవాలో ప్రసారాలు అధికారికంగా మొదలయ్యాయి. ఇది ఎవరైనా చదువుకోగల ప్రమాణం, రహస్యమేమీ లేదు. మామూలు షార్ట్‌వేవ్ స్టేషను వాడుకునే పది కిలోహెర్ట్జ్ జాగాలోనే రెండొందల పైచిలుకు సన్నటి క్యారియర్లు పక్కపక్కనే నడుస్తాయి. మాటని బిట్లుగా మార్చి, ఆ బిట్లని కలగాపులగం చేసి, ఈ క్యారియర్లన్నిటి మీదా, కాలంలో కూడా కాస్త అటూ ఇటూగా పరుస్తారు. పెళ్ళివారంతా ఒకే పడవెక్కకుండా నాలుగు పడవల్లో సర్దుకున్నట్టన్నమాట. ఒక పడవ మునిగినా పెళ్ళి ఆగదు. షార్ట్‌వేవ్ సంకేతం అయనోమండలానికి తగిలి కిందకొస్తుంది కాబట్టి ఒక్కో క్షణం ఒక్కో ముక్క మాయమవుతుంటుంది. మిగిలిన ముక్కల నుంచి పోయినదాన్ని లెక్కగట్టి తిరిగి రాబడతారు. ఇంతా చేస్తే చేతికొచ్చేది సెకనుకి ఇరవై కిలోబిట్ల చుట్టుపక్కల. మనం ఎంపీత్రీ పాటకి 128 వాడతాం. ఆ ఇరవైలోనే మాట, పాట, తెరమీద స్టేషను పేరు, చదువుకోడానికి వార్తలు. ఇంజనీరింగులో నాలుగేళ్ళు మార్కుల కోసం బట్టీపట్టిన డిజిటల్ కమ్యూనికేషన్స్ పేపరంతా కళ్ళముందు పనిచేస్తూ కనబడుతుంది.

ఇంట్లో పట్టుకోడానికి పెద్ద ఖర్చు లేదు. డిజిటల్ టీవీ చూడ్డానికి తయారైన ఒక యూఎస్‌బీ డాంగిల్ ఉంది. అందులోని చిప్పుతో టీవీ ఒక్కటే కాదు, రకరకాల రేడియో సంకేతాలు కూడా పట్టొచ్చని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు కనిపెట్టారు. దానికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అని పేరు. షార్ట్‌వేవ్ కూడా అందేలా చేసిన రకాలు నాలుగైదు వేల లోపే దొరుకుతున్నాయి. డాబా మీంచి కొబ్బరిచెట్టుకి పది పదిహేను మీటర్ల రాగి తీగ. తీగకీ కేబుల్‌కీ మధ్య ఫెరైట్ రింగు మీద చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్. తీగ కరెంటు లైన్ల దగ్గరికి పోకూడదు, ఉరుముల రోజు ఊడదీసి పక్కన పడేయాలి. ఇక లాప్‌టాప్‌లో డ్రీమ్ అనే ఉచిత సాఫ్టువేరు. జర్మనీలో డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టింది, సోర్సు కోడు అందరికీ తెరిచే ఉంది. ఆడియో విప్పే లైబ్రరీ విడిగా తెచ్చి పక్కన పెట్టాలి, అక్కడ కాస్త తంటా. అన్నీ కుదిరాక తెర మీద దీపాలు ఎర్రగా, పసుప్పచ్చగా మారి, చివరికి పచ్చబడతాయి. అప్పటిదాకా గరగరలాడిన చప్పుడు ఠక్కున ఆగి, మనిషి గొంతు వస్తుంది. మొదటిసారి అది విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.

నాకు అన్నిటికంటే తేలిగ్గా దొరికింది చైనా జాతీయ రేడియో. ఒక్క ముక్క అర్థం కాదు, కానీ వేల కిలోమీటర్ల అవతల్నుంచి వచ్చి ఒక్క మాట తెగకుండా గంటసేపు వినిపించిన రోజులున్నాయి. వినే అలవాటున్నవాళ్ళు దీన్ని భాష కోసం వినరు లేండి.

అసలు శత్రువు ఆకాశంలో లేదు, ఇంట్లోనే ఉంది. ఎల్ఈడీ బల్బు, ఫోను ఛార్జరు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, ఇన్వర్టరు... ప్రతిదీ ఒక చిన్న రేడియో స్టేషనే, వాగుడు తప్ప కార్యక్రమం ఉండదు. ఒక్కోటీ ఆపుకుంటూ పోతే మన ఇంటి రొద తగ్గుతుంది, పక్కింటివాళ్ళది తగ్గదు. అందుకే నాకు బాగా వినపడే సమయం ఒక్కటే: వీధంతా కరెంటు పోయినప్పుడు. రొద మొత్తం ఒక్కసారిగా అణిగిపోతుంది. లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపూ పండగే.

నా పేచీ కూడా సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

మన జిల్లాలో కరెంటు మొత్తం పోయే సందర్భం ఏమిటి? తుపాను. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు అందులో ఎందరో. అప్పటికి నేను పుట్టలేదు, కానీ కోనసీమలో చుట్టాలున్నవాళ్ళెవరూ ఆ రాత్రి గురించి వినకుండా పెరగరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు కరెంటుతోపాటు సెల్ టవర్లూ పోయాయి. చేతిలో స్మార్టుఫోన్లున్న నగరం రోజుల తరబడి కబురు అందక కూర్చుంది. అలాంటప్పుడు వందల కిలోమీటర్ల అవతల, తుపాను తాకని చోట ఉన్న ఒక్క ట్రాన్స్‌మిటరు చాలు. మధ్యలో టవరు అక్కర్లేదు, ఫైబరు అక్కర్లేదు. పైగా ఆ రోజు గాలిలో రొద కూడా ఉండదు. రేడియో అన్నిటికంటే బాగా పనిచేసేది మిగతావన్నీ చచ్చిపోయినప్పుడే.

డీఆర్ఎం ఈ పనికి ఇంకా మెరుగ్గా తయారైంది కూడా. ఇందులో ఆపద హెచ్చరిక ఏర్పాటు ఉంది. స్టేషను నుంచి ఒక సంకేతం పంపితే, ఆ సౌకర్యం ఉన్న సెట్టు తనంతట తానే హెచ్చరిక కార్యక్రమానికి మారుతుంది. వివరాలు తెరమీద అక్షరాల్లో, ఒకటికి మించి భాషల్లో ఇవ్వొచ్చు. ట్రాన్స్‌మిటరుకి కరెంటు ఖర్చూ బాగా తగ్గుతుంది. కాబట్టి నేను డిజిటల్‌కి వ్యతిరేకిని కాదు. నా డాబా మీద తీగే సాక్షి.

మరి మనవాళ్ళేం చేశారు? 2007లో ప్రయోగాలు చేశారు. 2009లో ఢిల్లీ దగ్గర ఖాంపూర్ నుంచి 250 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటరు మీద డీఆర్ఎం మొదలెట్టారు. తర్వాతి ఏళ్ళలో మీడియంవేవ్‌లో దేశమంతటా ముప్పై అయిదు దాకా డీఆర్ఎం ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. మన హైదరాబాద్ 738, విజయవాడ 837 కూడా ఆ జాబితాలోవే. మరోపక్క పాత ప్రాంతీయ షార్ట్‌వేవ్ కేంద్రాలు ఒక్కోటీ మూతపడుతూ వచ్చాయి. ఒకప్పుడు 4800 మీద వినిపించిన హైదరాబాద్‌ని వెతుక్కునే పాత శ్రోతలు నాకు తెలుసు.

ఇక వినేవాడి సంగతి. మన దేశంలోనే ఏవియన్ అనే కంపెనీ డీఆర్ఎం సెట్టు తయారుచేసింది, ధర పదివేలకు పైమాటే. 2017 నుంచీ కొన్ని కార్ల స్టీరియోల్లో డీఆర్ఎం వస్తోంది, అలాంటి కార్లు లక్షల్లో ఉన్నాయి. మంచిదే. కానీ ఉప్పాడ నుంచి వేటకెళ్ళేవాడు కారేసుకుని వెళ్ళడు కదండీ! కాకినాడ మెయిన్ రోడ్డులో రెండు మూడు షాపుల్లో డిజిటల్ రేడియో ఉందా అని అడిగి చూశాను. బ్లూటూత్ స్పీకర్లు చూపించారు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, నేను మావయ్యగారూ అంటాను. డాబా మీద నా సరంజామా అంతా చూసి, "ఒరే అబ్బాయ్, ఇంత తీగ, ఇంత కంప్యూటరు... నీది ఎన్ని గంటలు పాడుద్ది?" అన్నారు. మూడు గంటలండీ అన్నాను. "నా డొక్కు రేడియోకి రెండు సెల్లులేస్తే నెల్లాళ్ళు వస్తాదిరా" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. డిజిటల్ సంకేతం విప్పడానికి లెక్కలు చెయ్యాలి, లెక్కలకి ప్రాసెసరు కావాలి, ప్రాసెసరు బ్యాటరీ తింటుంది. ఇంకోటి కూడా ఉంది. సంకేతం బలహీనపడితే అనలాగ్ గొణుగుతూ అయినా మాట చేరవేస్తుంది. "తుపాను... కాకినాడ... రాత్రికి" అని మూడు ముక్కలు వినపడినా మిగతాది మన చెవి పూరించుకుంటుంది. డిజిటల్‌కి ఆ మధ్యస్థితి లేదు. ఉంటే నిక్షేపంలా ఉంటుంది, లేకపోతే మౌనం.

ఫోన్లున్నాయిగా అంటారు. 2023లో మన ఫోన్లన్నీ ఒకేసారి బీప్‌మని మోగిన పరీక్ష గుర్తుందా? మంచి ఏర్పాటు, నేనూ ఒప్పుకుంటాను. తుపాను రాకముందు అదే దిక్కు. కానీ టవరు పడిపోయాక? పడవ తీరానికి దూరం వెళ్ళాక? మత్స్యకారుల కోసం 2019లో ఉపగ్రహం ద్వారా హెచ్చరికలందించే జెమిని పరికరం తెచ్చారు, అదీ మెచ్చుకోదగ్గదే. అది పడవకి ఒకటి. ఒడ్డున గుడిసెలో ఉన్న ఇంటివాళ్ళకి?

వేరే చోట్ల డిజిటల్‌కి ఎలా మారారో చూద్దాం. నార్వే 2017లో జాతీయ ఎఫ్ఎం స్టేషన్లు ఆపేసింది. ఊరికే ఆపలేదు. శ్రోతల్లో కనీసం సగంమంది రోజూ డిజిటల్ వింటుండాలని ముందే షరతు పెట్టుకుని, అది తీరాక ఆపింది. అంతదూరం ఎందుకు, మన కేబుల్ టీవీనే తీసుకోండి. 2012లో మహానగరాలతో మొదలెట్టి డిజిటల్ చేశారు. ఎంత తిట్టుకున్నా, ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సు వచ్చింది. బాక్సు లేకుండా డిజిటల్ చేశామని ఎవరూ అనలేదు. రేడియో దగ్గరికొచ్చేసరికి ఆ ఇంగితం ఏమైంది?

మనకే ఇంకో పాత ఉదాహరణ ఉంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పట్లో ఊళ్ళల్లో రేడియో కొనగలిగినవాళ్ళు ఎందరని? అందుకే పంచాయతీ రేడియోలొచ్చాయి. సర్కారువారే సెట్టు ఇచ్చి, మైకు కట్టించారు. సాయంత్రమయ్యేసరికి జనం చేరేవారు. ఆనాడు ప్రసారం, వినికిడి రెండూ తమ బాధ్యతే అనుకున్నారు. ఈనాడు ప్రసారం మాది, వినికిడి మీ ఖర్మ అంటున్నారు.

కాబట్టి నేననేది ఇదీ. తీరప్రాంతంలో అనలాగ్ మీడియంవేవ్‌ని ఇప్పట్లో ముట్టుకోవద్దు. ముందు సెట్లు పెట్టండి: తుపాను షెల్టర్లలో, గ్రామ సచివాలయాల్లో, పడవల రేవుల్లో. చిన్న సోలార్ పలక, హెచ్చరిక రాగానే తనే మోగే ఏర్పాటు, తెలుగులో అక్షరాలు. వేల సంఖ్యలో ఆర్డరు పెడితే ధర దిగకుండా ఉండదు. సెట్‌టాప్ బాక్సుకి జరిగిందదే. అలా నాలుగు తుపాన్లు గడిచి, జనం దాన్ని నమ్మాక, అప్పుడు అడగండి పాతది ఆపాలా అని.

మన వంతు పని కూడా ఒకటుంది. డ్రీమ్‌లో సంకేతం బలం అంకెల్లో కనిపిస్తుంది. ఏ ఊళ్ళో, ఏ వేళ, ఏ స్టేషను ఎంత బలంగా అందిందో రాసుకుంటే పిఠాపురం నుంచి అమలాపురం దాకా ఒక పటం తయారవుతుంది. ఆకాశవాణి వారికి అది పంపితే మన సరదా నలుగురికీ పనికొస్తుంది. మా చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలకి కొదవలేదు. అమీర్‌పేట వెళ్ళి ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కునే బదులు, రెండువేల లోపు డీఆర్ఎం సెట్టు చెయ్యడానికి ఎవరైనా కూర్చుంటే డాంగిల్, తీగ, నా ఆదివారాలు మూడూ ఇస్తాను. బ్యాటరీ మాత్రం మూడు గంటలు కాదు, కనీసం మూడు రోజులు రావాలి. నెల్లాళ్ళు వచ్చే సెట్టు చేతిలో ఉన్న మావయ్యగారిని ఒప్పించడం అంత తేలిక కాదు మరి.

తా.క.: తీగ కట్టేటప్పుడు కొబ్బరిచెట్టు మీరు ఎక్కకండి. దింపులవాణ్ణి పిలవండి, కాయలు కూడా దింపించుకోవచ్చు :)