కళాశాల మెట్టు ఎక్కుటకు ముందు

మెట్రిక్ ఫలితములు వెలువడిన నాటినుండి మన సంఘ కార్యాలయమునకు పిల్లలును తల్లిదండ్రులును వచ్చుచున్నారు. ఏ కళాశాల మంచిది, ఏ శాఖ తీసికొనవలెను అని అడుగుచున్నారు. మెట్రిక్‌తో చదువు నిలిపి బట్టల వర్తకము చేసికొనుచున్న మమ్ము ఈ ప్రశ్న అడుగుట వింతయే. అయినను, దారిలో పడినవానికి గోతులెచ్చటనున్నవో తెలియును గనుక నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా ఒక నిజము ఒప్పుకొనవలెను. అంగడి భారము మీద పడుటచేత చదువు మానితిమని ఇన్నేండ్లుగా అందరితో చెప్పుచు వచ్చితిమి. అది నిజము కాదు. బరంపురములోని ఒక కళాశాలలో ప్లస్‌టూ విజ్ఞానశాఖలో చేరి, ఆరు మాసములైనను నిలువలేకపోతిమి. మా ఇంట తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఆంగ్లము. అధ్యాపకులు చెప్పునది వినబడుచుండెను గాని బోధపడకుండెను. ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాసికొంటిమి. అడుగుటకు సిగ్గుపడితిమి. తుదకు పరీక్షకు వెరచి గల్లాపెట్టె ముందు కూర్చుంటిమి. చేతికి సాయము దొరకెనని తండ్రిగారు సంతోషించిరి. ఈ యేడు మా పెద్దమ్మాయి కళాశాలకు పోవుచున్నది గనుక ఈ నిజము మొదట ఆమెకు చెప్పి, నేడు మీకును చెప్పుచున్నాము.

నాటి ఆ పదునారేండ్ల బాలుని నేడు ఎదుట కూర్చుండబెట్టుకొనగలిగినచో మూడు మాటలు చెప్పుదుము.

మొదటిది: పరీక్షకును కళాశాలకును నడుమనున్న దినములను పోగొట్టకుము. దినమునకొక పుట చొప్పున ఆంగ్ల పాఠ్యపుస్తకము చదివి, తెలియని మాటలకు నిఘంటువు చూచి, దాని సారమును నీ సొంత భాషలో వ్రాయుము. తెలుగు మాటలాడుట వచ్చి వ్రాయుట రానిచో ఒడియాలోనే వ్రాయుము. తెలుగక్షరములను ఆ సెలవులలోనే నేర్చుకొనుము. సొంత మాటలలో చెప్పలేనిది నేర్చినట్లు కాదు.

రెండవది: అడుగుము. బేరమాడుటకు సిగ్గుపడని వర్తకుని బిడ్డకు సందేహమడుగుటకు సిగ్గేల? నాటి చిట్టా నాటి రాత్రికే సరిచూచుకొందుము గదా. ఒక్క దినము తప్పు విడిచినచో మాసాంతమున అది దొరకదు. సందేహము సంగతియు అంతే.

మూడవది: కాగితములు సరిచూచుకొనుము. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనుక. మెట్రిక్ పత్రమున ఒక తీరుగను, ఆధార్ కార్డున మరియొక తీరుగను, తండ్రి పేరు ఒకచోట పొడి అక్షరములతోను ఉండుట మన ఇండ్లలో సామాన్యము. విద్యార్థివేతనమునకు దరఖాస్తు పెట్టునాడు ఇదియే అడ్డగించును. నివాస, ఆదాయ, కుల ధ్రువపత్రములను తహసీల్దారు కార్యాలయమునుండి ముందే తెచ్చుకొనవలెను.

వైద్యవిద్య కోరువారు మరియొక సంగతి గమనింపవలెను. నీట్ పరీక్షకు తెలుగు ప్రశ్నపత్రము ఉన్నది. కాని అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములలోనే ఇయ్యబడుచున్నది. ఒడిశా కేంద్రములలో లభించు ప్రాంతీయ భాష ఒడియా. భాషను దరఖాస్తు నింపునపుడే ఎంచుకొనవలెను గనుక ఆ యేటి నియమములను ముందుగా చదువుట మేలు.

1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు మాతృభాషలో బోధించు వసతులు కల్పింపుమని చెప్పుచున్నది. అది ప్రాథమిక దశవరకే. అటుపైనున్న వాగునకు వంతెన మనమే కట్టుకొనవలెను.

అది అసాధ్యము కాదు. నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండిన గిడుగు రామమూర్తిగారు ఉద్యోగము చేయుచునే స్వయముగా చదివి పట్టభద్రులైరి. సవరల భాషను వారివద్దనే నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. అంతటి పండితుడు ఎరుగనిదానిని అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడలేదు.

తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటి. సెలవులలో బిడ్డను అంగడిలో కూర్చుండబెట్టినను, దినమునకు రెండు గంటలు చదువునకు విడువుడు. చదువు మానెదనని బిడ్డ చెప్పినపుడు, సాయము దొరకెనని వెంటనే సంతోషింపక, కారణము మెల్లగా అడుగుడు. మమ్ము నాడు ఎవ్వరును అడుగలేదు. అడిగియుండినచో నిజము చెప్పియుందుము.