ఏడున్నర గంటల సీరియల్ ఎవరి సొత్తు?

2019 మార్చిలో పర్చూరు ప్రాంతంలో ఒక ఊళ్ళో మిరపకోత కూలీల సమావేశం పెట్టుకున్నాం. కాయ కోసే ఆడవాళ్ళ కూలికీ టిక్కీలు మోసే మగవాళ్ళ కూలికీ మధ్య వున్న తేడా గురించి మాట్లాడుకోవాలని మా ఉద్దేశం. పగలంతా కోతలు కాబట్టి రాత్రి ఏడున్నరకి రమ్మని ముందురోజే చెప్పాం. తీరా ఆ టైముకి దళితవాడలోని కమ్యూనిటీ హాలు ముందు మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. ఒకామె గుమ్మంలోంచి తొంగిచూసి, "కూసోండి మేడం, వంటలక్క అయిపోంగానే వస్తాం" అంది.

నాతో వచ్చిన కార్యకర్తకి చర్రున కోపమొచ్చింది. కూలి గురించి మాట్లాడదామంటే సీరియల్ కావాల్సొచ్చిందా వీళ్ళకి అని. ఈ మాట మన సమావేశాల్లో కొత్తదేమీ కాదు. సీరియళ్ళు ఆడవాళ్ళని పాడుచేస్తున్నాయి, వాళ్ళ చైతన్యాన్ని మొద్దుబారుస్తున్నాయి అని మనం తీర్మానాలు చేశాం, కరపత్రాలు వేశాం. నేనూ అలాంటి వ్యాసాలు రాసినదాన్నే. ఆ రాత్రి మాత్రం చేసేదేమీ లేక వెళ్ళి ఆ యింట్లో వాళ్ళ పక్కన కూచున్నాను.

చిన్న గది. పదిమంది దాకా ఆడవాళ్ళు, ముగ్గురు పిల్లలు. కాయ కోసి కోసి మండుతున్న చేతులకి ఒకామె కొబ్బరినూనె రాసుకుంటోంది. తెరమీద 'కార్తీకదీపం'. నల్లగా వుందని అవమానాలపాలైన దీప, ఆమె శీలాన్ని అనుమానించి వదిలేసిన డాక్టరు భర్త. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కి యిది తెలుగు రూపం. నలుపు గురించిన కథలో నాయికకు నల్లరంగు పూసి మరీ చూపించారన్నది వేరే చర్చ. నన్ను ఆకట్టుకున్నది తెర కాదు, ఆ గదిలో నడిచిన మాటలు. "అంత చదివిన డాక్టరు ఒక్క పరీక్ష చేయించుకుంటే తేలిపోయేదానికి యిన్నేళ్ళు పెళ్ళాన్ని ఏడిపిస్తాడా" అని ఒకామె. "పరీక్ష చేస్తే మాత్రం నమ్ముతాడా, అనుమానం మందులకి పోయేదా" అని యింకొకామె. పిల్లల్ని వేసుకుని వేరు కాపురం పెట్టిన దీప పక్షాన సగంమంది, అత్తగారు మంచిదని యింకో సగం. చుట్టాల్లో ఒకామె సంగతి, ఊళ్ళో యింకొకామె సంగతి అందులోకి వచ్చాయి. కుటుంబ హింస మీద మనం నిర్వహించే వర్క్‌షాపుల్లో యింత ధారాళంగా మాటలు రావడం నేను చూడలేదు.

ఎనిమిదికి టీవీ కట్టేసి అందరూ వచ్చారు. సమావేశం తొమ్మిదిన్నర దాకా బాగానే సాగింది. నాకు మాత్రం మనసులో ఒక ముల్లు వుండిపోయింది. ఇంతమంది ఆడవాళ్ళు రోజూ అరగంటసేపు కలిసి కూచుని ఆలోచించే ఈ చోటు ఎవరిది? దాన్ని ఎవరు నడుపుతున్నారు?

సరిగ్గా ఆ నెలలోనే ఆ ఛానెల్ చేతులు మారింది. 2019 మార్చి 20న అమెరికాకు చెందిన డిస్నీ సంస్థ, రూపర్ట్ మర్డోక్ ట్వంటీఫస్ట్ సెంచురీ ఫాక్స్ ఆస్తుల్లో ఎక్కువ భాగాన్ని కొనేసింది. ఆ మూటలోనే స్టార్ ఇండియా వుంది, స్టార్ ఇండియాలో మన స్టార్ మా వుంది. కాలిఫోర్నియాలోనో న్యూయార్కులోనో సంతకాలు జరిగాయి. పర్చూరులో ఆ గదిలోని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. హాంకాంగ్‌లో పుట్టిన స్టార్ టీవీని మర్డోక్ చేజిక్కించుకోవడం 1993లో మొదలైంది. సరళీకరణ కొత్తల్లో ఉపగ్రహ ఛానెళ్ళ మీద మన పత్రికల్లో చాలా ఆందోళన కనిపించేది. తర్వాత తర్వాత డిష్‌లు, కేబుళ్ళు యింటింటికీ వచ్చేశాక ఆ ఆందోళన అలవాటుగా మారి, అలవాటు మౌనంగా మారింది. మా టీవీ ప్రసార వ్యాపారాన్ని కొంటున్నట్టు 2015 ఫిబ్రవరిలో స్టార్ ప్రకటించింది. ఆ ఏడాది చివరికి కొనుగోలు పూర్తయింది. తెలుగులో ముందువరసలో వున్న వినోద ఛానెల్ ఒకటి విదేశీ యాజమాన్యంలోకి వెళ్ళిపోతే మన సంఘాల్లో ఒక్క ఖండన ప్రకటన కూడా వచ్చినట్టు నాకు గుర్తులేదు. నేనూ రాయలేదు. అది సినిమావాళ్ళ, వ్యాపారుల గొడవ అనుకున్నాను.

అలా అనుకోవడం నా ఒక్కదాని పొరపాటు కాదు, చట్టమే అలా ఆలోచిస్తుంది. పత్రికల్లోకి విదేశీ పెట్టుబడి రాకూడదని 1955లో కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది. దాన్ని 2002లో సడలించి వార్తాపత్రికల్లో 26 శాతం దాకా అనుమతించారు. వార్తా ఛానెళ్ళకీ అదే పరిమితి పెట్టి, 2015లో 49 శాతానికి పెంచారు. ఈ నిబంధన వల్లే 2003లో స్టార్ సంస్థ తన హిందీ వార్తా ఛానెల్లో 74 శాతం వాటాను ఆనందబజార్ పత్రిక వారికి యివ్వవలసి వచ్చింది. వార్త అంటే దేశ భద్రత, ప్రజాభిప్రాయం, ఎన్నికలు. కాబట్టి దానికి కాపలా పెట్టారు. వార్తలు కాని ఛానెళ్ళకి? నూటికి నూరు శాతం! సీరియల్, వంటల కార్యక్రమం, పాటల పోటీ, ఇవేవీ ప్రజాభిప్రాయాన్ని మలిచేవి కావని చట్టం ఉద్దేశం.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. రాత్రి తొమ్మిదింటికి మగవాళ్ళు అరుగుల మీద చర్చించుకునే వార్త రాజకీయమట, దాన్ని విదేశీయుడికి అమ్మకూడదట. ఏడున్నరకి ఆడవాళ్ళు యింట్లో చూసే సీరియల్ వినోదమట, దాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చట. కోడలు ఎలా వుండాలి, భర్త అనుమానిస్తే ఏం చెయ్యాలి, నల్లపిల్లకి పెళ్ళవుతుందా, ఆస్తిలో కూతురు వాటా అడిగితే అది దురాశా కాదా, ఇవన్నీ ఏ వార్తల్లో తేలతాయి? సీరియళ్ళలోనే తేలతాయి. ఇంట్లో జరిగేది రాజకీయం కాదన్న పితృస్వామ్యపు పాత విభజనే విదేశీ పెట్టుబడుల విధానంలో శాతాల రూపంలో కూచుంది. వ్యక్తిగతమంతా రాజకీయమేనని నలభై ఏళ్ళుగా చెబుతున్న మనం కూడా ఆ శాతాల జోలికి వెళ్ళలేదు.

అయితే స్వదేశీ యజమాని చేతిలో వుంటే మనది మనకే వున్నట్టా? ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి మన ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరం దాటి పోనక్కర్లేదు. మా టీవీని స్టార్ కొనకముందు దానికి అధ్యక్షుడు నిమ్మగడ్డ ప్రసాద్ అనే పారిశ్రామికవేత్త, వాటాదారుల్లో చిరంజీవి, నాగార్జున వంటి సినీ ప్రముఖులు. వాడరేవు, నిజాంపట్నం ఓడరేవుల పేరుతో 2008లో తలపెట్టిన వాన్‌పిక్ ప్రాజెక్టు ప్రమోటరు కూడా ఆయనే. అందులో భాగస్వామి గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమా. అంటే ఆ తీరంలో వేల ఎకరాలు చేతులు మారిన కథలోనూ ఒక విదేశం వుంది. ఆ భూముల కేటాయింపుకి ప్రతిఫలంగా సాక్షి పత్రిక నడిపే జగతి పబ్లికేషన్స్ తదితర సంస్థల్లో పెట్టుబడులు పెట్టారన్న ఆరోపణ మీద సీబీఐ 2012లో ఆయన్ని అరెస్టు చేసింది. ఆరోపణ ఆరోపణే, నేరనిర్ధారణ కాదు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఓడరేవు, భూమి, పత్రిక, టీవీ ఛానెల్ ఒకే పెట్టుబడి కుటుంబంలో తోబుట్టువులు కాగలిగినప్పుడు, తీరం వెంట చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళ మాట ఆ తెరమీద వినిపిస్తుందని ఎలా ఆశిస్తాం?

అంతకన్నా ముందు సంగతి కూడా చెప్పాలి. 1985లో కారంచేడులో దళితుల్ని ఊచకోత కోసినప్పుడు, 1991లో చుండూరులో అదే జరిగినప్పుడు, తెలుగు పత్రికల్లో విదేశీ పెట్టుబడి ఒక్క పైసా లేదు. కారంచేడులో గొడవ మొదలైంది తాగే నీటిని పాడుచేస్తుంటే కాదన్న ఒక దళిత స్త్రీ దగ్గర. అయినా ఆ కథని ఎవరి కళ్ళతో చూడాలన్నది పత్రికల యజమానుల కులం మీద ఆధారపడిందని దళిత ఉద్యమం ఆనాడే ఎత్తిచూపింది. ఆ ఆగ్రహంలోంచే 'నలుపు' వంటి పత్రికలు పుట్టుకొచ్చాయి. సారా వ్యతిరేక ఉద్యమాన్నీ గుర్తు చేసుకోండి. 1992లో దూబగుంట ఆడవాళ్ళని పత్రికలు ఆకాశానికెత్తాయి. 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేసినప్పుడు అదే ఆడవాళ్ళకి అంత చోటు దొరకలేదని ఆ రోజుల్లో పనిచేసిన అక్కలు యిప్పటికీ బాధపడతారు. యజమాని రాజకీయానికి పనికొచ్చినంతవరకే మన పోరాటం వార్త.

కాబట్టి విదేశీయుడు పోయి స్వదేశీయుడు వస్తే పండగ చేసుకోవాల్సిన పనిలేదు. 2024 నవంబరు 14న అదీ జరిగింది. స్టార్ ఇండియా వ్యాపారం రిలయన్స్ చేతిలోని వయాకామ్18తో కలిసి జియోస్టార్ అయింది. రిలయన్స్ వర్గానికి 63.16 శాతం, డిస్నీకి 36.84 శాతం. మొత్తం విలువ 70,352 కోట్లు అని వాళ్ళే ప్రకటించుకున్నారు. ఇదే రిలయన్స్ అండ వున్న టీవీ18 సంస్థ 2014లో ఈటీవీ తెలుగులో 24.5 శాతం వాటా తీసుకుంది. పదేళ్ళలో స్టార్ మాకి మూడోసారి యజమాని మారాడు. ఈ విలీనాన్ని పరిశీలించిన కాంపిటీషన్ కమిషన్‌కి ప్రధానంగా కనిపించిన చిక్కు ఏమిటో తెలుసా? క్రికెట్ హక్కులన్నీ ఒకచోట చేరితే ప్రకటనల ధరలు పెరుగుతాయని! ప్రకటనదారుల నష్టం గురించి తర్జనభర్జనలు జరిగాయి. కమిషన్‌ని తప్పుపట్టలేం, దాని చట్టం మార్కెట్ గురించే అడుగుతుంది. చూసేవాళ్ళ గురించి అడిగే చట్టమే మనకి లేదు.

అడగాలని ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు. కేంద్ర సమాచార శాఖ కోరగా మన హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ మాధ్యమాల యాజమాన్యం మీద 2009లో అధ్యయనం చేసి హద్దులు అవసరమని చెప్పింది. 2014 ఆగస్టులో ట్రాయ్ సిఫార్సులు యిచ్చింది. అవి చట్టం కాలేదు. అంతకు చాలా ముందు, 1995 ఫిబ్రవరిలో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువాడైన జస్టిస్ జీవన్‌రెడ్డి వున్నారు. ఆ తీర్పు కూడా క్రికెట్ ప్రసారాల తగాదాలోనే వచ్చిందని చెబితే మీకు నవ్వు రావచ్చు.

2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయింది. గుంటూరు యార్డు వార్తా ఛానెళ్ళన్నింటిలో మారుమోగింది. మాజీ ముఖ్యమంత్రి యార్డుకి వచ్చారు, మంత్రులు ప్రతివిమర్శలు చేశారు, క్వింటాలుకి 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం పథకాన్ని కేంద్రం ప్రకటించింది. నేను చూసినంతసేపూ తెరమీద నాయకులు, మైకులు, టిక్కీల గుట్టలు. ధర పడితే మొదట కోత పడేది కాయ కోసేవాళ్ళ కూలికే. కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీస్తూ ఘాటుకి తుమ్మి దగ్గే ఆడవాళ్ళ గురించి, కర్నూలు పడమటి మండలాల నుంచి వలసొచ్చి పొలాల గట్ల మీద పట్టాల గుడిసెల్లో వుండే కుటుంబాల గురించి ఒక్క మాటా నా చెవిన పడలేదు. వార్తల్లో వాళ్ళు లేరు, సీరియళ్ళలో అంతకన్నా లేరు. మన సీరియళ్ళ నాయిక వంటలు చేసి బతుకుతుందేగానీ పత్తి తియ్యదు, ఒడి కట్టదు, కూలి లెక్క అడగదు.

ఆడవాళ్ళ చేతికి మాధ్యమం వస్తే ఎలా వుంటుందో జహీరాబాద్ దగ్గర మాచనూరులో చూడొచ్చు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 2008 అక్టోబరు 15 నుంచి సంగం రేడియో నడిపారు. విత్తనాలు, వంటలు, పాటలు, రోగాలు, అన్నీ వాళ్ళ యాసలోనే. కానీ కమ్యూనిటీ రేడియోలకి ఒక షరతు వుంది. ఆకాశవాణి వార్తలు వినిపించుకోవచ్చుగానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. విదేశీ కంపెనీకి వినోదంలో నూరు శాతం, ఊరి ఆడవాళ్ళకి వార్తల్లో సున్నా. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అలాంటి రేడియో పెట్టుకుందామని కొన్ని సంఘాలతో నేను మాట్లాడుతుంటే మొదట వచ్చే ప్రశ్న డబ్బు గురించి కాదు. "మిరప రేటు ఎందుకు పడిందో అందులో మేం చెప్పొచ్చా?" అని. సూటి జవాబు నా దగ్గర లేదు.

అందుకని మన సంఘాలు రెండు మూడు పనులు మొదలుపెట్టాలని నా కోరిక. ఒక ఛానెల్ చేతులు మారేముందు ఆ భాష మాట్లాడే ప్రాంతంలో, అదీ చూసేవాళ్ళకి వీలైన వేళల్లో, బహిరంగ విచారణ జరపాలని అడుగుదాం. ప్రతి ఛానెలూ తన అసలు యజమాని పేరుని తెరమీద తెలుగులో వేయాలని అడుగుదాం. కమ్యూనిటీ రేడియోల మీది వార్తల నిషేధం ఎత్తేయాలని పట్టుబడదాం. ఈలోగా చేతిలో వున్నదాన్ని వాడుకుందాం. 2021 కేబుల్ నిబంధనల ప్రకారం ప్రేక్షకుల ఫిర్యాదుకి ఛానెల్ 15 రోజుల్లో జవాబివ్వాలి. వినోద ఛానెళ్ళ ఫిర్యాదులు చూసేందుకు 2011లో పెట్టుకున్న బీసీసీసీ అనే మండలీ వుంది. అనుమానపు మొగుణ్ణి ప్రేమమూర్తిగా చూపిస్తే ఎవరు రాయాలి? ఆ గదిలో "అనుమానం మందులకి పోయేదా" అన్న ఆమె చేత రాయించాలి. ఆమె చెబితే మనం రాసిపెట్టాలి.

ఆ ఊళ్ళో మేం ఆ పని చెయ్యలేకపోయాం. నాకు ఈ ఆలోచన వచ్చేసరికి 2023 జనవరిలో 'కార్తీకదీపం' అయిపోయింది. వచ్చే కోతల్లో మళ్ళీ వెళ్తున్నాం. ఇప్పుడు వాళ్ళు ఏ సీరియల్ చూస్తున్నారో, టీవీలో చూస్తున్నారో ఫోనులో చూస్తున్నారో ముందుగా కనుక్కుని, సమావేశం వేళ దాన్నిబట్టి పెట్టుకుంటాం. మీ ప్రాంతాల్లో ఎలా వుందో ఈ పత్రికకి రాయండి.