ఇరువురు ప్రభువులు, రెండు వారసత్వములు

గతించిన సంస్థానాధీశుల ప్రశంస వచ్చినపుడెల్ల మనవారు కట్టడములను లెక్కించుట ఆచారమైనది. ఆ లెక్కన హైదరాబాదు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను పద్దు పెద్దదే. 1908 మూసీ వరదల పిమ్మట పట్టణరక్షణకై కట్టిన ఉస్మాన్ సాగరము, మంజీరపై నిజాం సాగరము, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము: వీనిని కాదనువాడు కృతఘ్నుడు. ఉన్నతవిద్యను దేశభాషలో గరపవచ్చునని ఆంగ్లవ్యామోహితులకు నిరూపించినది ఆ విశ్వవిద్యాలయమే.

అయితే ఆ దేశభాష యేది? ఉర్దూ. శిస్తు చెల్లించిన రైతులలో పెక్కురు తెలుగువారు. వారి బిడ్డలకు ఉర్దూయు పరభాషయే. సభ జరుపుకొనవలెనన్న గస్తీ నిషాన్ 53 అడ్డము. సర్కారు అనుమతి లేనిదే నోరు విప్పరాదు. విద్యాదాతయు, వాగ్బంధకుడును ఒక్కడే!

ఇక బరోడా. మూడవ శాయాజీరావు గాయక్వాడు 1875లో దత్తుడై గద్దె నెక్కువరకు కావ్లాణా గ్రామపు రైతుబిడ్డ; పండ్రెండేండ్లకును అక్షరములు రానివాడు. ఆ కొరతను మరవలేదు కాబోలు, 1893లో అమ్రేలి తాలూకాయందును, 1906లో సంస్థానమంతటను ప్రాథమికవిద్యను ఉచితముగ, నిర్బంధముగ నొనర్చెను. 1911లో గోఖలే ఇట్టి బిల్లునే తేగా ఆంగ్లప్రభుత్వము త్రోసిపుచ్చిన సంగతి పాఠకు లెరుగుదురు. 1910లో అమెరికానుండి బోర్డెనను గ్రంథాలయనిపుణుని రప్పించి, పల్లెపల్లెకు పుస్తకపు పెట్టెలు పంపించెను. పఠనమందిరములలో కూర్చుండి ఈ పంక్తులు చదువు మనకు ఆ పెట్టెల విలువ వేరుగ చెప్పవలెనా?

బరోడాయు స్వర్గము కాదు. 1913లో అంబేడ్కరును కొలంబియాకు పంపినది ఆ ప్రభువు వేతనమే. చదివి వచ్చి కొలువు చేరిన ఆ పండితునికి ఆ నగరమున తలదాచుకొన ఇల్లు దొరకలేదు. బాధ్యతాయుత ప్రభుత్వమును శాయాజీరావును ఈయలేదు. 1939లోనే గతించుటచే ఆయన 1947 నాటి పరీక్షకు నిలువవలసిన పనియు లేకపోయెను. న్యాయవాదిగా ఈ తారతమ్యమును నేను దాచజాలను. నిజాము ఆ పరీక్షకు నిలిచి ఓడెను. ప్రజలతీర్పును కోరక, రజాకార్లను అదుపుచేయక, 1948 సెప్టెంబరులో భారతసేనలు వచ్చువరకు తాత్సారము చేసెను. ఆ యేడాది గ్రామములు పడిన యాతనను ఏ ఆనకట్టయు తన పద్దున మాపజాలదు.

పిదప ఉస్మానియాలో ఉర్దూ తొలగి ఆంగ్లము వచ్చెను; తెలుగు వంతు అప్పుడును రాలేదు. వడోదరలోని కేంద్ర గ్రంథాలయము మాత్రము నేటికిని పుస్తకములు ఎరువిచ్చుచున్నది.