బ్లూటూత్ ఆపేయమంటే సరిపోతుందా?

అవసరం లేనప్పుడు బ్లూటూత్ ఆపేయండి అన్నది సైబర్ భద్రత నిపుణులు ఎప్పుడూ చెప్పే మాట. అమెరికా జాతీయ భద్రతా సంస్థ కూడా బహిరంగ ప్రదేశాల్లో ఫోన్లు వాడే తమ రక్షణ రంగ సిబ్బందికి 2021లో ఇదే చెప్పింది. సలహా మంచిదే, కానీ దాన్ని పాటించగలిగేవారు తగ్గిపోతున్నారు. చెవిలో ఇయర్‌బడ్స్, చేతికి స్మార్ట్ వాచ్, ఇంట్లో పెద్దవారికి వినికిడి యంత్రం, మధుమేహం ఉన్నవారి చేతిపై గ్లూకోజ్ సెన్సర్. బ్లూటూత్ ఆపితే వీటిలో చాలావాటికి పని ఉండదు.

బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ఇయర్‌ఫోన్లు వాడే సంప్రదాయ పద్ధతిలో ఈ సంకేతం 79 చానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు వరకు గంతులేస్తుంది. ఇంత వేగంగా మారేదాన్ని ఎవరు పట్టుకోగలరు అనిపించవచ్చు. అయితే ఆ గంతుల ఉద్దేశం ప్రధానంగా ఇతర రేడియో సంకేతాల అడ్డు తగలకుండా చూసుకోవడం. అసలు కాపలా కాసేది రెండు పరికరాలు కుదుర్చుకునే రహస్య తాళంచెవి, అంటే ఎన్‌క్రిప్షన్ కీ.

ఆ తాళంచెవి దగ్గరే 2019లో ఒక పెద్ద లోపం బయటపడింది. కీ ఎంత పొడవుండాలో పరికరాలు రెండూ ముందుగా మాట్లాడుకుంటాయి. 1 నుంచి 16 బైట్ల వరకు ఎంతైనా ఉండవచ్చని బ్లూటూత్ ప్రమాణమే అనుమతించింది. పైగా ఆ సంభాషణకు రక్షణేమీ లేదు. దగ్గర్లో ఉన్న దుండగుడు మధ్యలో దూరి, రెండింటినీ 1 బైట్‌కే ఒప్పించవచ్చని పరిశోధకులు చూపించారు. 16 బైట్ల కీకి ఉండే అవకాశాల సంఖ్య రాస్తే 39 అంకెలు వస్తాయి. 1 బైట్ కీకి ఉండేవి 256 మాత్రమే. సూట్‌కేసుకు ఉండే మూడంకెల నంబర్ తాళానికి కూడా 1000 ఉంటాయి! ‘నాబ్’ అని పేరుపడ్డ ఈ లోపం ఏదో ఒక కంపెనీ పొరపాటు వల్ల వచ్చింది కాదు. ప్రమాణాన్ని బుద్ధిగా పాటించినవారికే అది అంటుకుంది. ఆ తర్వాత కీ కనీసం 7 బైట్లు ఉండాలని ప్రమాణాన్ని సవరించారు.

అంతకు రెండేళ్ల ముందు, 2017లో వెలుగుచూసిన ‘బ్లూబోర్న్’ లోపాలకు పెయిరింగ్ కూడా అక్కర్లేదు, బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు. 2023 డిసెంబరులో మరో పరిశోధకుడు, నకిలీ కీబోర్డుగా నటించి ఫోన్‌లోకి తనకు కావలసిన అక్షరాలు పంపవచ్చని చూపించాడు.

ఇవి చదివి బెంబేలెత్తనవసరం లేదు. ఇలాంటి దాడి చేయాలంటే మనిషి దగ్గర్లో ఉండాలి, తగిన నైపుణ్యం కావాలి. ఎక్కడో కూర్చుని ఓటీపీ అడిగే మోసగాడికి ఈ తంటాలేవీ ఉండవు, సామాన్యుడికి అతడితోనే ముప్పు ఎక్కువ. అయితే వైద్య పరికరాల సంగతి వేరు. కొన్ని బ్లూటూత్ చిప్‌లలోని ‘స్వీన్‌టూత్’ లోపాల వల్ల పేస్‌మేకర్లు, గ్లూకోజ్ మానిటర్ల వంటివి ఆగిపోయే అవకాశం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2020 మార్చిలో హెచ్చరించింది. అప్పటికి ఎవరికీ హాని జరిగినట్టు తేలలేదు.

లోపం బయటపడినప్పుడల్లా దాన్ని సరిచేసే అప్‌డేట్ కూడా సాధారణంగా త్వరలోనే వస్తుంది. చిక్కంతా అది పరికరం దాకా చేరడంలోనే. కొడుకు కొత్త ఫోన్ కొనుక్కోగానే పాతది నాన్న చేతికి వస్తుంది. కంపెనీ దానికి అప్‌డేట్లు ఆపేసి ఎన్నాళ్లయిందో నాన్నకు తెలియదు. ఇయర్‌బడ్స్ సంగతి మరీ అన్యాయం. అప్‌డేట్ కావాలంటే వాటికి వేరే యాప్ వేసుకోవాలి. చవక రకాల్లో చాలావాటికి ఆ సౌకర్యమే ఉండదు.

కొనేవారు చేయగలిగింది కొంత ఉంది. వాడని జతలను ఫోన్‌లోంచి తొలగించడం, అడగకుండా వచ్చిన పెయిరింగ్ అభ్యర్థనను తిరస్కరించడం, అద్దె కారుకు కలిపిన ఫోన్ వివరాలను దిగే ముందు చెరిపేయడం వంటివి. ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్ బటన్ నొక్కితే బ్లూటూత్ పూర్తిగా ఆగదని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపాలని కూడా చాలామందికి తెలియదు. అలాంటి బటన్ పెట్టి, జాగ్రత్తగా ఉండమని వాడేవారికే చెప్పడం ఏం న్యాయం?

భారం తయారీదారు మీద కూడా పడాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి, నెట్‌కు కలిసే గృహ పరికరాలకు ఎంతకాలం భద్రతా అప్‌డేట్లు ఇస్తారో చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి. సింగపూర్ 2020లోనే ఇలాంటి పరికరాలకు నాలుగు స్థాయుల భద్రతా లేబుల్ తెచ్చింది. మన దేశంలో బిస్కెట్ ప్యాకెట్ మీద గడువు తేదీ ఉంటుంది, ఏసీ మీద విద్యుత్ పొదుపు నక్షత్రాలుంటాయి. ఆ నక్షత్రాలు చూసి కొనడం జనానికి అలవాటైంది కూడా. ఇయర్‌బడ్స్ పెట్టె మీద మాత్రం ధర, బ్యాటరీ గంటలు, బాస్ గొప్పలే కనిపిస్తాయి. ‘ఫలానా తేదీ వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి’ అన్న ఒక్క వాక్యం అచ్చువేయడాన్ని తప్పనిసరి చేయాలి.

దీనివల్ల చవక పరికరాల ధర పెరుగుతుందన్న అభ్యంతరం రావచ్చు. అప్‌డేట్లు ఇవ్వడానికి ఖర్చవుతుంది నిజమే, తేదీ అచ్చువేయడానికి కాదు. అసలు ఇవ్వలేని కంపెనీ ఆ మాటే పెట్టె మీద వేసుకోవచ్చు. అది చదివాక కూడా కొనాలనుకునేవారు తెలిసే కొంటారు.